‘మొద్దు’ అనే ముందు ఒక్క నిమిషం

ఒక సోమవారం ఉదయం. మా పిల్లల ఓ.పి. ఎప్పటిలాగే కిటకిటలాడుతోంది. జ్వరంతో ఉన్న చంటివాణ్ణి చంకనెత్తుకుని, ఏడో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని ఒక తల్లి వచ్చింది. మందులు తెమ్మని చీటీ ఇచ్చి కూతుర్ని కిటికీ దగ్గరకు పంపింది. పావుగంట గడిచినా ఆ అమ్మాయి తిరిగి రాలేదు. చూస్తే చీటీ చేతిలో పట్టుకుని కిటికీకి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఆమె తర్వాత వచ్చినవాళ్ళు కూడా మందులు తీసుకుని వెళ్ళిపోయారు. ఆమె మాత్రం గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ అక్కడే ఉండిపోయింది.

“ఏమ్మా, వినపడదా? ఎంతసేపు అలా నిలబడతావు?” అని కసిరింది మరెవరో కాదు, మా సిస్టరే. తల్లి పరుగున వచ్చి వీపు మీద ఒకటి వేసింది. “దీని సంగతి ఇంతే సిస్టరమ్మా. ఒట్టి మొద్దు. కుళాయి దగ్గరకు పంపితే బిందె నిండి పొర్లిపోతున్నా చూస్తూ నిలబడుతుంది. బడిలో టీచర్లు కూడా విసిగిపోయారు. తిట్టినా కొట్టినా ఉలుకూ పలుకూ లేదు” అంది.

ఆ అమ్మాయి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. తల వంచుకుని నిలబడింది. ఆ తల వంచుకోవడం చూసి మాకు సిగ్గేసింది. ఏళ్ళ తరబడి పిల్లల మధ్య పనిచేస్తున్న మేము కూడా ఆమెను కసిరామే గాని, ఒక్కసారి కనురెప్ప కిందికి లాగి చూడలేదు.

ఆ సిగ్గుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

అల్లరి పిల్లవాడు వస్తాడు, నెమ్మది పిల్ల రాదు

ఒకచోట కుదురుగా కూర్చోని, తోటివాళ్ళను గిల్లే, గోడలెక్కే పిల్లవాణ్ణి ఏదో ఒక రోజు ఆసుపత్రికి తీసుకువస్తారు. వాడి వల్ల ఇంట్లోవాళ్ళకూ బడిలోవాళ్ళకూ ఇబ్బంది గనుక తప్పక తెస్తారు. ఏ.డి.హెచ్.డి. అన్న మాట ఈ రోజుల్లో పట్టణాల్లో చాలామంది తల్లిదండ్రులకు తెలుసు.

కాని ఇంకో రకం పిల్లలున్నారు. వీళ్ళు ఎవరినీ ఇబ్బంది పెట్టరు. వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటారు. కళ్ళు తెరిచే ఉంటాయి గాని మనసు ఎక్కడో ఉంటుంది. పిలిస్తే కాస్త ఆగి పలుకుతారు. మగతగా, మబ్బుగా కనిపిస్తారు. అందరూ పది లెక్కలు చేసే సమయంలో వీళ్ళు నాలుగే చేస్తారు, ఆ నాలుగూ సరిగ్గానే ఉండవచ్చు. చెప్పబోయిన మాట మధ్యలో మరచిపోతారు. తోటిపిల్లల ఆటలో వెనకబడి, చివరకు ఆటకే వెళ్ళడం మానేస్తారు. వీళ్ళను ఇంట్లో ‘మొద్దు’ అంటారు, బడిలో ‘సోమరి’ అంటారు. ఆడపిల్ల అయితే ‘బుద్ధిమంతురాలు, నోట్లో నాలుక లేదు’ అని మెచ్చుకుని వదిలేస్తారు. ఏ పేరు పెట్టినా ఫలితం ఒకటే, ఎవరూ దగ్గరకు వెళ్ళి చూడరు.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. నెమ్మదితనం తప్పు కాదు. కొందరి తత్వమే అంత. కాని ఆ నెమ్మది వల్ల పిల్ల చదువూ స్నేహాలూ దెబ్బతింటున్నప్పుడు, తిట్టడానికి ముందు శరీరాన్ని పరీక్షించాలి. ఏదో కొత్త జబ్బు పేరు తగిలించడానికి ముందు కూడా శరీరాన్ని పరీక్షించాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్న చిన్న పనిని మనం చేయడం లేదు.

మా కళ్ళ ముందే జరిగిన పొరపాటు

ఇతరులను అనే ముందు మా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం తొడ ఎముక విరిగి ఒక తొమ్మిదేళ్ళ బాబు మా వార్డులో పంతొమ్మిది రోజులు ఉన్నాడు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టినా మారాం చేయలేదు. సిస్టర్లందరికీ ముద్దు. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని శూన్యంలోకి చూసేవాడు. కొన్ని క్షణాల తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ తినేవాడు. రోజుకు ఎన్నిసార్లో! మేమంతా నవ్వుకునేవాళ్ళం. “ఏరా, ఏ లోకంలో ఉన్నావు?” అనేవాళ్ళం. కేస్ షీటులో మాత్రం ‘బాగా తింటున్నాడు, బాగా నిద్రపోతున్నాడు, ఫిర్యాదులు లేవు’ అని రాశాము.

ఏడాదిన్నర తర్వాత అదే బాబు ఊరి చెరువు మెట్ల మీద కాళ్ళు కడుక్కుంటూ నీళ్ళలో పడిపోయాడు. పక్కన బట్టలు ఉతుకుతున్నవాళ్ళు చూసి లాగారు గనుక బతికాడు. అప్పుడు పరీక్షలు చేయిస్తే తేలింది, అది పరధ్యానం కాదు, అబ్సెన్స్ అనే రకం మూర్ఛ. కాళ్ళూ చేతులూ కొట్టుకోవు, నోట నురగ రాదు. సాధారణంగా అయిదు నుంచి ఇరవై సెకన్ల పాటు పిల్లవాడు ఉన్నచోటనే ఆగిపోతాడు, అంతే. మందులతో చాలామంది పిల్లల్లో ఇది అదుపులోకి వస్తుంది. ఆ బాబుకూ వచ్చింది. కాని పంతొమ్మిది రోజులు మా చేతుల మీదుగా తిండి తిన్న పిల్లవాడి జబ్బును మేము గుర్తించలేదు. ‘నెమ్మదైన పిల్లవాడు’ అన్న మెప్పు మా కళ్ళకు గంతలు కట్టింది.

తేడా ఎలా తెలుస్తుంది? ఆలోచనల్లో మునిగిన పిల్లను భుజం తట్టి పిలిస్తే తేరుకుంటుంది. అబ్సెన్స్ వచ్చిన పిల్లను పిలిచినా తట్టినా ఆ కొద్ది క్షణాలూ పలకదు. మాట్లాడుతుండగా మాట మధ్యలోనే ఆగిపోతుంది, ఒక్కోసారి కనురెప్పలు అల్లల్లాడతాయి. తర్వాత ఆగిన సంగతే తనకు తెలియదు. ఇలాంటిది కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. చేయవలసిన పరీక్ష ఇ.ఇ.జి. వీలైతే పిల్ల అలా ఆగిపోయినప్పుడు మీ ఫోనులో వీడియో తీసి తీసుకురండి. డాక్టరుగారికి అది ఎంతో ఉపయోగం.

ముందుగా చూడవలసినవి

మగతగా, మందంగా ఉన్న పిల్ల విషయంలో మొదట ఈ కింది వాటిని చూడమని మేము అడుగుతాము. ఇందులో చాలావరకు పెద్ద ఖర్చు లేని పనులే.

రక్తహీనత: మన దగ్గర అన్నిటికంటే ముందు అనుమానించవలసినది ఇదే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి ఉంది. రక్తం తక్కువైన పిల్ల త్వరగా అలసిపోతుంది, పాఠం మీద మనసు నిలపలేదు. పచ్చి బియ్యం, మట్టి, బలపాలు తినే అలవాటు ఉందేమో అడగండి. పెద్దమనిషైన పిల్లకు బహిష్టు ఎక్కువ రోజులు అవుతోందేమో తల్లి కనుక్కోవాలి. నులిపురుగుల సంగతీ చూడాలి.

నిద్ర: ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. రాత్రి నోరు తెరుచుకుని గురక పెట్టే పిల్లకు ముక్కు వెనక అడినాయిడ్లు పెరిగి ఉండవచ్చు. అలాంటి పిల్ల పది గంటలు పడుకున్నా తెల్లారేసరికి అలసిపోయే లేస్తుంది.

చెవి, కన్ను: తరచూ జలుబు చేసే పిల్లలకు చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గుతుంది. నొప్పి ఉండదు గనుక ఎవరికీ తెలియదు. వెనక నుంచి మెల్లగా పిలిచి చూడండి. నల్లబల్ల మీది అక్షరాలు కనబడని పిల్ల కూడా కొన్నాళ్ళకు చూడటమే మానేస్తుంది.

థైరాయిడ్: మందకొడితనంతో పాటు ఎత్తు పెరగకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, చలికి తట్టుకోలేకపోవడం ఉంటే రక్తపరీక్ష చేయించాలి.

వాడుతున్న మందులు: జలుబు సిరప్పుల్లో కొన్ని, మూర్ఛకు వాడే మందుల్లో కొన్ని మగత తెస్తాయి. డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. అయితే మూర్ఛ మందు మాత్రం సొంతంగా ఎన్నడూ ఆపకూడదు.

దిగులు: ఎప్పుడూ చురుకుగా ఉండే పిల్ల ఉన్నట్టుండి మౌనంగా మారితే అది వేరే సంగతి. ఇంట్లో చావు, తండ్రి తాగుడు, బడిలో వేధింపు, ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఒంటరిగా కూర్చోబెట్టుకుని, తొందరపెట్టకుండా అడగాలి.

ఈ పేరు సంగతేమిటి?

ఇవన్నీ చూసినా ఏమీ తేలకుండా, పిల్ల మాత్రం అలాగే మబ్బులో ఉన్నట్టు కనిపించే సందర్భాలున్నాయి. ఈ లక్షణాలకు వైద్యులు పెట్టిన పేరు ‘స్లగ్గిష్ కాగ్నిటివ్ టెంపో’. ఆలోచనల నడక మందగించడం అని దీని అర్థం. దీని వెనక ఒక చరిత్ర ఉంది.

1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పట్టికలో ఏకాగ్రత లోపాన్ని రెండు రకాలుగా చూపింది. అల్లరి ఉన్నది ఒకటి, అల్లరి లేనిది ఒకటి. అల్లరి లేని పిల్లలను పరిశీలిస్తున్నప్పుడే కొందరిలో ఈ మగత, పగటికలలు, మందకొడితనం ఒక గుంపుగా కనిపిస్తున్నాయని పరిశోధకులు గుర్తించారు. తర్వాత పట్టికలు మారాయి. 2013లో వచ్చిన అయిదవ పట్టికలో కూడా దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా చేర్చలేదు. ఈనాటికీ ఇది అధికారికంగా గుర్తించిన జబ్బు కాదు. 2022లో కొందరు నిపుణులు కలిసి, ‘స్లగ్గిష్’ అనే మాట పిల్లలను కించపరిచేలా ఉందని, ‘కాగ్నిటివ్ డిస్‌ఎంగేజ్‌మెంట్ సిండ్రోమ్’ అని పిలుద్దామని ప్రతిపాదించారు. మనసు చుట్టూ ఉన్నవాటి నుంచి విడివడిపోవడం అని ఆ మాట భావం.

ఈ పేరు మార్పు మాకు చాలా నచ్చింది. ఎందుకంటే మన దగ్గర కూడా రెండు మాటలున్నాయి. ‘మొద్దు’ అన్నా ‘పరధ్యానం’ అన్నా చూస్తున్నది ఒకే పిల్లను. మొదటిది పిల్ల మీద తీర్పు. రెండవది పిల్ల పరిస్థితి. రెండవ మాట వాడితే, ఆ ధ్యానం ఎటు పోతోందో అడగాలని మనకే అనిపిస్తుంది.

ఈ లక్షణాలు ఏ.డి.హెచ్.డి.తో కలిసి ఉన్న పిల్లలు చాలామందే ఉన్నారు. అది లేకుండా ఇవి మాత్రమే ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఇలాంటి పిల్లల్లో మొండితనం, ఎదురు తిరగడం అంతగా ఉండవు గాని ఆందోళన, దిగులు, ఒంటరితనం ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ‘ఎవరికీ ఇబ్బంది లేదుగా’ అని ఊరుకోవడం మంచిది కాదు. ఇబ్బంది ఆ పిల్లకే ఉంది.

మరో పక్క కూడా చూడాలి. ఇది కొత్త జబ్బు పేరుతో పిల్లలకు మరిన్ని మందులు అంటగట్టే దారి అవుతుందని భయపడిన వైద్యులు ఉన్నారు. 2014లో అమెరికా పత్రికల్లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఆ భయం అర్థం లేనిది కాదు. ఈ లక్షణాల కోసమే ఆమోదం పొందిన మందు ఇప్పటికి ఏదీ లేదు. ఏ.డి.హెచ్.డి. కూడా ఉంటే దానికి మందు అవసరమా కాదా అన్నది నిపుణులైన వైద్యులే నిర్ణయించాలి. మందుల షాపులో అమ్మే ‘జ్ఞాపకశక్తి టానిక్కులు’ కొని డబ్బు పోగొట్టుకోవద్దని మాత్రం మేము గట్టిగా చెబుతాము. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పండ్లు కొనండి.

నిద్ర తీసేసి నిద్రమత్తు అంటే ఎలా?

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. హాస్టళ్ళలో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పరధ్యానంగా ఉంటున్నారని, చదివింది గుర్తుండడం లేదని మా దగ్గరకు తీసుకువస్తారు. ఎన్నింటికి లేస్తావని అడిగితే అయిదింటికి అంటారు. ఎన్నింటికి పడుకుంటావంటే పదకొండు దాటాక అంటారు. అంటే నిద్ర ఆరు గంటలైనా లేదు. ముందు నిద్ర తీసేసి, తర్వాత నిద్రమత్తుకు మందు ఇమ్మని అడుగుతున్నాము. ఇంట్లో ఉన్న పిల్లల సంగతి ఇంకో రకం. దుప్పటి లోపల అర్ధరాత్రి దాకా ఫోను. వీళ్ళకు కావలసింది మందు కాదు, మంచం. పిల్ల చదువులో ఏకాగ్రత కోరే పెద్దలు ఆ పిల్లకు ఎనిమిది గంటల నిద్ర దొరికేలా ముందు చూడాలి. యాజమాన్యాన్ని అడగడానికి తల్లిదండ్రులు సంకోచించకూడదు.

మన చేతిలో ఉన్నవి

ఇంట్లో చేయదగినవి పెద్దవేమీ కాదు. దూరం నుంచి కేక వేయకుండా దగ్గరకు వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, కళ్ళలోకి చూశాక చెప్పండి. ఒకసారి ఒకే పని చెప్పండి. ‘నీళ్ళు పట్టి, ఊడ్చి, తమ్ముణ్ణి చూసి, కొట్టుకు వెళ్ళు’ అంటే ఆ పిల్లకు చివరిది మాత్రమే మిగులుతుంది. చేయవలసిన పనులు కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఉదయం ఏమీ తినకుండా బడికి పంపకండి. అక్కతోనో ఎదురింటి పిల్లతోనో పోల్చకండి.

ఉపాధ్యాయులకు మా మనవి. ఇలాంటి పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టండి. ప్రశ్న అడిగి, జవాబు కోసం కాస్త ఎక్కువసేపు ఆగండి. బల్ల మీదిది రాసుకోవడానికి కొంచెం అదనపు సమయం ఇవ్వండి. అందరి ముందూ నిలబెట్టి నవ్వులపాలు చేయకండి. ఒకసారి నవ్వులపాలైన పిల్ల ఇంకా లోపలికి వెళ్ళిపోతుంది.

ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను పరీక్షిస్తాయి. వాళ్ళు చూడవలసిన వాటిలో రక్తహీనత, వినికిడి, చూపు, చదువులో ఇబ్బంది, ఏ.డి.హెచ్.డి. కూడా ఉన్నాయి. బృందం వచ్చిన రోజున అల్లరి పిల్లల పేర్లతో పాటు మూలన కూర్చునే పిల్ల పేరు కూడా చెప్పండి. పది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలకు బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను వద్దని పారేయనివ్వకండి. అన్నం తిన్నాక వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు. పిల్ల దిగులుగా ఉందని, బతకాలని లేదన్నట్టు మాట్లాడుతోందని అనిపిస్తే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది టెలి మానస్, 2022లో ప్రారంభమైన ఉచిత ప్రభుత్వ సేవ. తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక మా వంతు. చెరువులో పడిన ఆ బాబు సంగతి తర్వాత మా పిల్లల వార్డులో చేరిక కాగితం మీద చేత్తోనే మూడు ప్రశ్నలు చేర్చుకున్నాము. పిల్ల ఉన్నట్టుండి ఆగిపోతోందా? రాత్రి ఎన్ని గంటలు, ఎలా నిద్రపోతోంది? బడిలో టీచరు ఏమంటున్నారు? జ్వరానికి వచ్చినా, దెబ్బ తగిలి వచ్చినా ఈ మూడూ అడగాలని నిర్ణయించుకున్నాము. రద్దీ రోజుల్లో మరచిపోతున్నామని కూడా ఒప్పుకోవాలి. మందుల కిటికీ దగ్గర ఆ అమ్మాయిని కసిరినది ఈ ప్రశ్నలు రాసుకున్న తర్వాతే. కాగితం మీద రాసుకోవడం వేరు, కళ్ళకు అలవాటు కావడం వేరు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాము. ఆ రోజే రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6 గ్రాములు వచ్చింది. ఆ వయసుకు కనీసం 12 ఉండాలి. పచ్చి బియ్యం నమిలే అలవాటు ఉందని అప్పుడు తెలిసింది. నులిపురుగుల మందు, ఇనుము మాత్రలు మొదలుపెట్టాము. తల్లి ఏ నెలా తప్పకుండా తీసుకువచ్చింది. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది. మగత పోయింది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. కాని పరధ్యానం సగమే తగ్గింది. మిగిలిన సగం అలాగే ఉంది. జిల్లా కేంద్రంలో నిపుణులకు చూపిస్తే తెలివితేటలకు లోటు లేదని, నెమ్మది రకం ఏకాగ్రత లోపం ఉందని చెప్పారు. మేము బడికి ఒక ఉత్తరం రాశాము. టీచరుగారు ముందు బెంచీ ఇచ్చారు, రాసుకోవడానికి సమయం ఇచ్చారు.

ఇప్పుడు తొమ్మిదో తరగతి. క్లాసులో మొదటి ర్యాంకేమీ కాదు, కాని అన్నిటిలో పాసవుతోంది. మొన్న తల్లి వచ్చినప్పుడు, “ఎలా ఉందమ్మా మీ అమ్మాయి?” అని అడిగాము.

“పిలిస్తే పలుకుతోంది సిస్టరమ్మా” అంది. ఒక్క క్షణం ఆగి, “ఇదివరకు వంటింట్లోంచే కేకలేసేదాన్ని. ఇప్పుడు పక్కకెళ్ళి పిలుస్తున్నాను” అంది.